పిల్లలతో కలిసి శబ్దాల గోడ కట్టడం ఎలా? పాత సామానుతో, మొదటి రోజు నుంచి ఏడాది దాకా

"మా బడిలో పాత సామానుతో పిల్లలు వాయించుకునే గోడ ఒకటి పెట్టాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ మధ్య ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే ఏదో ఒక ముఖ్యమైన సంగతి జారిపోతోంది. అందుకే మొత్తం ఒక్కచోట రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. గోడకి డబ్బాలు, గొట్టాలు వేలాడదీసి రంగులు పూస్తే అది శబ్దాల గోడ అయిపోదు. వారం తిరిగేసరికి దాని వంక ఎవరూ చూడరు. పిల్లలు ముందు వినాలి. విన్నవాటిలోంచి ఎంచుకోవాలి. ఆ తర్వాతే బోల్టు, స్పానరు. రంగు అన్నిటికన్నా ఆఖరున.

ఇక్కడ చెప్పే గోడలో మూడు భాగాలుంటాయి. చెప్పుతో కొడితే మోగే ఆరు పీవీసీ గొట్టాలు మొదటిది. వేలాడే లోహపు ముక్కలు రెండోది. చేత్తో ఊపితే గలగలలాడేవి మూడోది. 8 నుంచి 12 ఏళ్ల పిల్లలు 20 మంది దాకా, వారానికో గంటన్నర చొప్పున ఆరు వారాలు పనిచేస్తే తయారవుతుంది. పెద్దవాళ్లు కనీసం నలుగురు కావాలి. అందులో ఒకరికి డ్రిల్లింగ్ మిషన్ పట్టడం బాగా వచ్చి ఉండాలి.

1. చోటు, అనుమతి, ఇరుగుపొరుగు

బడిలో అయితే హెడ్మాస్టర్ ఒక్కరు సరేనంటే చాలదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే. విషయం వాళ్ల ముందు పెట్టండి. పాత సామాను వచ్చేది కూడా వాళ్ల ఇళ్ల నుంచే. పార్కులో అయితే మున్సిపాలిటీ నుంచో పంచాయతీ నుంచో కాగితం మీద అనుమతి తీసుకోండి. నోటిమాట అనుమతి అధికారి బదిలీతోనే పోతుంది.

చోటు చూసేటప్పుడు ఎండ ముఖ్యం. పడమటి ఎండ పడే గోడ మీద ఇనుప గొట్టం మధ్యాహ్నం మూడింటికి చెయ్యి పెట్టనివ్వదు. వేప, కానుగ లాంటి చెట్టు నీడ ఉన్నచోటు వెతకండి. లేదంటే ఉత్తరం వైపు ముఖం ఉన్న గోడ తీసుకోండి.

శబ్దం సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ పగలు 50, రాత్రి 40. అంటే మీ గోడ ఎవరి కిటికీకి ఎదురుగా ఉందన్నది చిన్న విషయం కాదు. పక్కింటివాళ్లను పనికి ముందే పిలిచి, ఒక గొట్టం కొట్టి వినిపించి, ఏ వేళ వద్దో అడగండి. పెద్దవాళ్లు పడుకునే వేళ, పసిపిల్లలున్న ఇల్లు పిల్లలే రాసుకుంటారు. మైకు, స్పీకరు మాత్రం ఈ గోడ దరిదాపుల్లోకి రానివ్వకండి.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

□ రాతపూర్వక అనుమతి
□ తల్లిదండ్రుల సమ్మతి (పనికి, ఫొటోలకు విడివిడిగా)
□ మధ్యాహ్నం నీడ
□ వస్తువులు బిగించే చట్రం ముందు కనీసం రెండు మీటర్ల ఖాళీ నేల
□ వాన నీళ్లు నిలవని చోటు
□ పొరుగువాళ్లతో మాట్లాడటం అయిందా

కాలం కూడా చూసుకోవాలి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అనువు. జూన్, జూలైలో మొదలుపెడితే సగం రోజులు వానకే పోతాయి.

2. మొదటి వారం: వినడం

సామాను ముట్టుకోకండి. పిల్లల్ని నలుగురేసి జట్లు చేసి, బడి చుట్టూ ఇరవై నిమిషాలు మాటల్లేకుండా నడిపించండి. చేతిలో కాగితం, పెన్సిలు. విన్నది రాయొచ్చు, గీయొచ్చు.

తిరిగొచ్చాక మూడు గడులు గీయించండి. ఎప్పుడూ వెనకాల ఉండే మోత, మనల్ని పిలిచే మోత, ఈ ఊరిది అని చెప్పగలిగే మోత. కెనడా స్వరకర్త ఆర్. మరీ షేఫర్ చేసిన విభజనకి ఇది దగ్గర. నేను చూసినంతలో పిల్లలకు ఇంతకన్నా తేలిగ్గా అందే పద్ధతి లేదు. మోటారు పంపు, ట్రాఫిక్ హోరు మొదటి గడిలో పడతాయి. బడి గంట, పాల బండి హారను రెండో గడిలో. మూడో గడి నింపడానికి మాత్రం చాలాసేపు పడుతుంది. ఓసారి ఒక పాప "ఎండిన దిరిసెన కాయలు" అని రాసింది. ఆ చెట్టు కింద రోజూ నడిచే నాకు అది తట్టలేదు. ఆకులు రాలి, కాయలు మాత్రం మిగిలి, గాలికి గలగలమంటూ ఉంటాయి. మా గోడ మూడో భాగం మొత్తం ఆ ఒక్క మాట నుంచే వచ్చింది.

వారం చివర ఒక ప్రశ్న అడగండి: వీటిలో ఏది పోతే మీకు బాధ? ఏది తగ్గితే హాయి? జవాబులు చార్టు మీద పెద్దక్షరాలతో రాసి, పని ముగిసేదాకా గోడకి ఉంచండి. పర్యావరణం గురించి మీరు విడిగా పాఠం చెప్పాల్సిన పనిలేదు. చర్చ ఇక్కడ మొదలై చివరిదాకా సాగుతుంది.

3. ఎవరి నిర్ణయం ఎవరిది

పిల్లలతో కలిసి చేయడం అంటూ మొదలుపెట్టి, పెద్దలు గీసిన బొమ్మకి పిల్లల చేత రంగులు వేయించడం తరచుగా జరుగుతుంది. దాన్ని తప్పించడానికి రెండో సమావేశంలోనే ఈ విభజన రాసి పెట్టండి.

పిల్లలు తేల్చేవి:
• ఏ వస్తువు గోడ ఎక్కాలి, ఏది వద్దు
• ఏది ఏ వరసలో ఉండాలి
• గోడ పేరు, దాని నియమాలు, వాయించే వేళలు
• రంగు, రాత

పెద్దలు తేల్చేవి:
• ఎత్తు, బరువు, బిగింపు
• పదును, విషం, వేలు ఇరుక్కునే సందులు
• కోత, డ్రిల్లింగ్

పిల్లలు ఎంచుకున్నది మీరు కాదనాల్సి వస్తే కారణం చెప్పండి, ప్రత్యామ్నాయం వాళ్లనే వెతకమనండి. "బాగోదు" అన్నది కారణం కాదు.

4. సామాను సేకరణ

చట్రానికి నేను చూసిన వాటిలో అన్నిటికన్నా మంచిది పాత ఇనుప మంచం. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగు వైపులా గట్టి యాంగిలర్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ). నిలబెట్టి కాంక్రీటులో పాతినా, ఉన్న గోడకి క్లాంపులతో బిగించినా సరిపోతుంది. హాస్టళ్లు మూలన పడేసినవి, పాత ఇనప సామాను కొట్టులో ఉన్నవి అడగండి. పాత ద్వారబంధం కూడా పనికొస్తుంది. చెదలు లేకుండా చూసుకోండి.

ఇంటి నుంచి, మెకానిక్ షెడ్డు నుంచి, ప్లంబర్ దగ్గర నుంచి తెచ్చుకోదగ్గవి:

• 75 మి.మీ. పీవీసీ గొట్టం ముక్కలు (కొత్తది కొనాల్సి వస్తే 6 మీటర్లది ఒక్కటే చాలు)
• అరంగుళం జీఐ (జింకు పూత ఇనుప) గొట్టాలు, బోలు కర్టెన్ రాడ్లు
• బైకు చైన్ స్ప్రాకెట్లు, సైకిల్ రిమ్ములు, పాత స్టీలు గిన్నెలు, మూతలు
• 15 కిలోల నూనె డబ్బా (అంచులు లోపలికి మడిచి)
• కొబ్బరి చిప్పలు, తాటి టెంకలు, దిరిసెన, తురాయి కాయలు
• అరిగిన హవాయి చెప్పులు, సైకిల్ ట్యూబులు

గేటు దాటి లోపలికి రానివ్వకూడనివి:

• పురుగుమందు డబ్బాలు, రసాయనాల డ్రమ్ములు. ఎంత కడిగినా వద్దు
• సిమెంటు రేకుల ముక్కలు. ఆస్‌బెస్టాస్ ఉంటుంది
• బ్రేకు డ్రమ్ములు. మోత అద్భుతంగా ఉంటుంది గానీ లోపలి పొడి మంచిది కాదు
• ట్యూబులైట్లు, బ్యాటరీలు, స్ప్రే డబ్బాలు, గాజు
• పాత రంగు పెచ్చులూడుతున్న ఇనుము. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకి (పది లక్షల వంతుల్లో 90కి) పరిమితం చేసిన నిబంధన 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు పూసిన రంగుని పిల్లల ఎదుట గీకితే ఆ ధూళి వాళ్ల ఊపిరిలోకి పోతుంది

ప్రతి వస్తువుకీ ఒక చీటీ కట్టించండి. ఇచ్చింది ఎవరు, ఇంతకుముందు ఇది ఏ పని చేసేది, గోడ నుంచి దిగాక ఎక్కడికి పోతుంది? మూడో ప్రశ్నకి జవాబు రాయలేని వస్తువు గోడ ఎక్కకూడదని పిల్లలతో నియమం పెట్టించండి. ఇనుము మళ్లీ కొట్టుకు పోతుంది. చిప్ప ఎరువుగుంటలోకి పోతుంది. అతుకు మందుతో రెండు రకాల ప్లాస్టిక్కులు కలిపి అంటించింది ఎక్కడికీ పోదు. అందుకే ఈ గోడలో జిగురు వాడం. అంతా బోల్టు, నట్టు, కట్టు.

5. మూడో వారం: మోత పరీక్ష

ఒక తాడుకి వస్తువుని వేలాడదీసి, చెక్క గరిటెతో తట్టండి. మిగతావాళ్లు కళ్లు మూసుకుని, మోత పూర్తిగా ఆగేదాకా వేళ్ల మీద లెక్కపెడతారు. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో మీటి చూస్తాం కదా, అదే పని. పగులున్న కుండ బొంగురు పోతుంది. తుప్పు తినేసిన రిమ్ము కూడా అంతే.

వస్తువుల్ని మూడు కుప్పలు చేయండి: మోగేవి, గలగలలాడేవి, మూగవి. మూగవాటిని వెంటనే పడేయకండి. వేరేచోట పట్టుకుని తట్టి చూడమనండి. స్టీలు మూతని అంచు దగ్గర గట్టిగా పట్టుకుంటే మూగదే. మధ్యలో చిల్లికి తాడు కట్టి వదిలితే కంచులా మోగుతుంది.

తర్వాత ఎన్నిక. మోగే వస్తువులు ఒక్కొక్కటి ముందు ఒక్కో గిన్నె. ప్రతి పిల్లకీ పిల్లాడికీ మూడు చింతగింజలు. వెనక్కి తిరిగి విని, ఒక్కొక్కరుగా వెళ్లి, నచ్చిన గిన్నెలో వేస్తారు. చేతులెత్తించి ఓట్లు అడిగితే తరగతిలో గొంతు పెద్దది ఎవరిదో వాళ్లదే గెలుస్తుంది. గింజలు వేసేటప్పుడు ఆ గొడవ ఉండదు.

6. చెప్పు గొట్టాలు: కొలతలు

గోడకి ప్రాణం ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చదవండి.

రెండు వైపులా తెరిచి ఉన్న గొట్టం మూతిని చెప్పుతో ఛట్‌మని కొట్టి వదిలేస్తే లోపలి గాలి మోగుతుంది. ఎంత పొడవైతే అంత కింది స్వరం. ఆరు గొట్టాల్ని మోహన రాగంలో కోయమంటాను: స, రి, గ, ప, ద, పై స. మధ్యమం, నిషాదం లేని రాగం కాబట్టి ఏ పిల్లాడు ఏ గొట్టం ఎప్పుడు కొట్టినా చెవికి ఇంపుగానే ఉంటుంది. సంగీతం రాని పిల్లలకి ఇది పెద్ద ధైర్యం.

75 మి.మీ. గొట్టానికి కోయాల్సిన పొడవులు:

• స: 130 సెం.మీ.
• రి: 115
• గ: 103
• ప: 85
• ద: 76
• పై స: 63

అన్నీ కలిపితే 572 సెం.మీ. అందుకే 6 మీటర్ల గొట్టం ఒకటి సరిపోతుంది.

ఈ అంకెలు ఎలా వచ్చాయో తెలిస్తే వేరే సైజు గొట్టం దొరికినా మీరే లెక్కేసుకోవచ్చు. మోగే గాలి గొట్టం చివరలతో ఆగదు, రెండు వైపులా కాస్త బయటికి వస్తుంది. మొత్తం కలిపి లోపలి వ్యాసంలో సుమారు 0.6 వంతు. 75 మి.మీ. గొట్టానికి అది 4 సెం.మీ. కాబట్టి "స" అసలు పొడవు 134. దాన్ని వరసగా 8/9, 4/5, 2/3, 3/5, 1/2తో గుణించి, ప్రతి జవాబులోంచి 4 తీసేయాలి. ఐదో తరగతి పిల్లలు భిన్నాలు చేసేది ఇక్కడ. బోర్డు మీద కాదు, టేపు పట్టుకుని చేయనివ్వండి. జవాబు తప్పయితే చెవే చెబుతుంది.

కోసే క్రమం:

1) ప్రతి ముక్కనీ 1 సెం.మీ. ఎక్కువే కోయండి. ఎక్కువైతే తగ్గించొచ్చు, తక్కువైతే అతకలేం.
2) గొట్టం చుట్టూ కాగితం పట్టీ చుట్టి, దాని అంచు వెంట గీత గీసి, హ్యాక్సాతో కోయండి. కోత పెద్దలదే.
3) అంచుల్ని తడి గరుకు కాగితంతో నునుపు చేయించండి. పొడిగా రుద్దితే పీవీసీ ధూళి లేస్తుంది. వంచడానికి మంట చూపించడం అసలే వద్దు.
4) ఫోన్లో ఉచితంగా దొరికే ట్యూనర్ యాప్ (మోగే స్వరం ఏదో చూపించేది) తెరిచి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ సరిచేయండి. "పై స" దగ్గర 1 సెం.మీ. తేడా "స" దగ్గరి తేడాకి రెట్టింపు వినిపిస్తుంది. చిన్న గొట్టాల్ని ఎక్కువ ఓపికతో కోయండి.

ఎండాకాలం శ్రుతి కొద్దిగా పెరుగుతుంది. వేడి గాలిలో శబ్దం వేగంగా పోతుంది కాబట్టి అలా అవుతుంది. ఆరూ కలిసే పెరుగుతాయి, కంగారు పడి మళ్లీ కోయకండి.

7. గొట్టాల బిగింపు

నిలువుగా పెడితే 130 సెం.మీ. గొట్టం మూతి రెండో తరగతి పిల్లలకి అందదు. అడ్డంగా పెట్టండి. ఎడమ మూతులన్నీ ఒకే గీతలో ఉండాలి. కుడి చివరలు మెట్లలా దిగుతాయి. అన్నిటికన్నా కింది గొట్టం నేల నుంచి 50 సెం.మీ. ఎత్తున, ఒక్కో గొట్టానికీ మధ్య దూరం 14 సెం.మీ. (మధ్య గీత నుంచి మధ్య గీతకి) పెడితే పైగొట్టం 120 దగ్గరికి వస్తుంది. చక్రాల కుర్చీలో కూర్చున్న పిల్లకి కూడా దాదాపు అన్నీ అందుతాయి.

ఈ 14 ఊరికే పెట్టిన అంకె కాదు. గొట్టాల మధ్య ఖాళీ ఆరున్నర సెం.మీ. వస్తుంది. ఆటస్థలాల భద్రతా లెక్కల్లో సుమారు 9 నుంచి 23 సెం.మీ. మధ్య సందు తల ఇరుక్కునే ప్రమాదం. 8 నుంచి 25 మి.మీ. మధ్య చిల్లి వేలు ఇరుక్కునే ప్రమాదం. మీ గోడలో ఏ సందూ, ఏ చిల్లీ ఈ రెండు ప్రమాదపు కొలతల్లో దేనిలోనూ పడకూడదు. వేలాడే అరంగుళం గొట్టాల చివరలు సరిగ్గా వేలు పట్టే సైజు, వాటికి మూతలు తప్పనిసరి.

బిగింపులో గుర్తుంచుకోవాల్సినవి:

• యు క్లాంపు కింద సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి. గొట్టం కోసుకుపోదు, చట్రం దడదడలాడదు.
• నైలాక్ నట్లు (లోపల నైలాన్ వలయం ఉండేవి) వాడండి. మామూలు నట్లు అదురుకి నెలలోపే వదులవుతాయి.
• కుడి చివర ఒక సెం.మీ. కిందికి వాల్చండి. వాన నీరు జారిపోతుంది.
• కుడి మూతికి దోమల జాలీ చుట్టి హోస్ క్లిప్పుతో బిగించండి. కందిరీగలు గూడు పెట్టవు, మోత తగ్గదు. పిల్లలు లోపల వేసిన గులకరాళ్లు తీయాలంటే క్లిప్పు వదులు చేస్తే చాలు.
• కుడి మూతి గోడకి ఆనకూడదు. జానెడు ఖాళీ ఉండాలి.

చెప్పుల దగ్గర నేను చేసిన పొరపాటు చెబుతాను. మొదటిసారి ఆరు చెప్పులు వదులుగా పెట్టాం. రెండో రోజుకి ఒక్కటీ లేదు. ఈసారి పోకూడదని మీటరు పొడవు నైలాన్ తాడు కట్టాం. మూడో తరగతి పిల్లాడు ఆ తాడుని మెడకి చుట్టుకుని రైలాట ఆడుతుంటే చూసి గుండె ఆగినంత పనైంది. అదే రోజు అన్నీ కోసేశాం. అప్పటి నుంచి ఒక్కో గొట్టానికి ఒక్కో చెప్పు. కట్టేది సైకిల్ ట్యూబు పట్టీతో. పొడవు 20 సెం.మీ. దాటదు, ఉచ్చు పడే ముడి ఉండదు. మీరు ఈ ఒక్క అంకెని మాత్రం సడలించకండి.

కొట్టే తీరు కూడా నేర్పాలి. చెప్పుని మూతికి అదిమి ఉంచితే గొట్టం ఒక వైపు మూసినట్టే, స్వరం ఒక స్థాయి (పై స నుంచి స దాకా ఉన్నంత దూరం) కిందికి దిగి బొద్దుగా వినిపిస్తుంది. కొట్టి వదిలేస్తే గలగలా తేరుకుంటుంది. ఈ రెండు మోతలూ పిల్లలు వాళ్లంతట వాళ్లే కనిపెట్టేదాకా చెప్పకుండా ఆగండి.

8. లోహపు మోతలు

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. పీవీసీ కొలతల లెక్కనే ఇనుప గొట్టానికీ వాడతారు. పీవీసీలో మోగేది లోపలి గాలి. ఇనుప గొట్టంలో మోగేది గొట్టమే. దాన్ని సగానికి కోస్తే స్వరం ఒక స్థాయి కాదు, రెండు స్థాయిలు పైకి పోతుంది.

మొదటి గొట్టం పొడవుని ఇలా గుణించండి: రికి 0.943, గకి 0.894, పకి 0.816, దకి 0.775, పై సకి 0.707. "స" 60 సెం.మీ. అయితే మిగతావి 56.6, 53.7, 49, 46.5, 42.4. చెప్పు గొట్టాలతో శ్రుతి కలవాలనుకుంటే 70 సెం.మీ. దగ్గర మొదలుపెట్టి, ట్యూనర్ చూస్తూ పీవీసీ "పై స"తో కలిసేదాకా తగ్గించి, ఆ పొడవుని మొదటిదిగా తీసుకోండి. అన్నీ ఒకే గొట్టం నుంచి కోసినవై ఉండాలి, మందం మారితే లెక్క తప్పుతుంది.

వేలాడదీసే చోటు ఇంకా ముఖ్యం. చివర నుంచి పొడవులో 22.4 శాతం దగ్గర గొట్టం దాదాపు కదలదు. 60 సెం.మీ. గొట్టానికి అది 13.4 సెం.మీ. అక్కడ కడితే మోత చాలాసేపు నిలుస్తుంది, చివర కడితే చచ్చిపోతుంది. ఒక పని చేయించండి: గొట్టాన్ని రెండు వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని, చివర నుంచి మెల్లగా జరుపుతూ, పక్కనున్న వాళ్లు తడుతూ ఉంటారు. ఒక చోటికి రాగానే ఒక్కసారిగా "ఖంగ్" మంటుంది. ఆ చోట సుద్దముక్కతో గీత పెట్టించి, తర్వాత టేపుతో కొలిపించండి. లెక్కా, చెవీ ఒకేచోటికి వచ్చినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

కట్టడానికి ప్లాస్టిక్ తాడు వద్దు, ఎండకి పెళుసై తెగిపోతుంది. సన్నని స్టీలు వైరుకి సైకిల్ వాల్వు ట్యూబు తొడిగి వాడండి. రెండు చోట్లా కడితే గొట్టం ఊగి ముఖానికి తగలదు.

స్ప్రాకెట్లు, మూతలు మధ్య చిల్లి గుండా బోల్టుతో బిగించండి. రెండు వైపులా ట్యూబు వాషర్లు వేసి, పావు చుట్టు వదులు ఉంచాలి. పూర్తిగా బిగిస్తే మూగబోతుంది.

నూనె డబ్బాకి విడిగా చోటివ్వండి. వినికిడి లేని పిల్లలు దాని మీద అరచెయ్యి ఆనించి, పక్కన ఇంకొకరు వాయిస్తుంటే అదురుని పట్టుకుంటారు. పెద్ద పీవీసీ గొట్టం మీద చెయ్యి వేసినా తెలుస్తుంది.

9. గలగలలు, రంగు, పలకలు

ఎండు కాయలు, చిప్పలు ఏడాది నిలవవు. నిలవాల్సిన అవసరమూ లేదు. కొక్కేలకి తగిలించేలా చేస్తే పిల్లలే ఋతువుని బట్టి మారుస్తారు.

రంగు చట్రానికి మాత్రమే. మోగే వాటికి రంగు, స్టిక్కర్లు అంటిస్తే మోత అణుగుతుంది. సీసం లేదని డబ్బా మీద రాసి ఉన్న రంగే కొనండి. పలక మీద గోడ పేరు, వాయించే వేళలు, వస్తువులిచ్చిన వీధుల పేర్లు రాయించండి. పిల్లల ఇంటిపేర్లు, ఫోన్ నంబర్లు వద్దు.

10. తెరిచే ముందు, తెరిచిన రోజు

□ ఇద్దరు పెద్దవాళ్లు చట్రం పట్టుకుని బలంగా ఊపితే కదులుతోందా
□ అరచేత్తో అన్ని అంచులూ తడిమితే గీసుకుంటోందా
□ బోల్టు చివరలు బయటికి పొడుచుకొచ్చాయా (గుండ్రటి టోపీలా మూసి ఉండే డోమ్ నట్టు వేయండి)
□ 20 సెం.మీ. దాటిన కట్టు ఎక్కడైనా ఉందా
□ వేలు, తల ఇరుక్కునే సందులు
□ పొరుగింటి గుమ్మంలో నిలబడి ఒకసారి విన్నారా

అతిథి ప్రసంగాలు ఉంటే వాయించాకే పెట్టండి. మొదటి గంట కట్టిన పిల్లలది. మీరు పక్కన నిలబడి ఏది ఎక్కువ వాయిస్తున్నారు, ఏది ఎవరూ ముట్టుకోవడం లేదు, ఎక్కడ తోసుకుంటున్నారు అని రాసుకోండి. ఎవరూ ముట్టని వస్తువు సాధారణంగా తప్పు ఎత్తులో ఉంటుంది.

11. తరచూ వచ్చే ఇబ్బందులు

గొట్టం పొట్టిగా కోశారు: అదే గొట్టానికి పట్టే కప్లర్ (రెండు గొట్టాల్ని కలిపే తొడుగు) కుడి చివర తొడిగి, ముందుకీ వెనక్కీ జరుపుతూ శ్రుతి కలపండి.

చెప్పు కొడితే "టప్" మని మాత్రమే వస్తోంది: చెప్పు మూతి అంతటినీ కప్పడం లేదు, లేదా అరిగి వంకర పోయింది. పెద్ద సైజు చెప్పు మడమ భాగం కోసి వాడండి.

చట్రమంతా దడదడ: ఎక్కడో క్లాంపు కింద ట్యూబు జారింది. ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు ఒక్కో క్లాంపునీ చేత్తో అదిమి పట్టుకోండి, ఏది పట్టుకుంటే మోత ఆగిందో అదే దొంగ.

పొరుగువాళ్లు ఫిర్యాదు చేశారు: వాదించకండి. పిల్లల్ని తీసుకెళ్లి వాళ్ల ఇంట్లో కూర్చుని, గోడని వాయించి వినండి. చాలాసార్లు ఇబ్బంది పెట్టేది ఒకే ఒక్క వస్తువు, ఎక్కువగా స్టీలు మూత. దాన్ని తీసేయడమో, కొట్టే కర్రకి ట్యూబు చుట్టడమో చేస్తే తీరిపోతుంది.

12. నెలలు గడిచాక

సోమవారం ఉదయం పది నిమిషాలు, ఇద్దరు పిల్లలు, ఒక టీచరు. నట్లు, జాలీ, చెప్పులు, కట్లు చూసి పుస్తకంలో టిక్కు పెట్టాలి. పగిలినదాన్ని ఆ రోజే దింపాలి, ఖాళీ కొక్కెం పరవాలేదు. వేసవి సెలవులకి చెప్పులు, గలగలలు దింపి గోనెసంచిలో భద్రం చేయండి. జూన్‌లో బడి తెరవగానే తిరిగి తగిలించండి.

ఐదో తరగతి పిల్లలు బడి మారే ముందు నాలుగో తరగతి వాళ్లకి స్పానరు, పుస్తకం, చీటీల కట్ట అప్పగించాలి. అప్పుడే కొత్త జట్టు మళ్లీ ఒకసారి మాటల్లేకుండా బడి చుట్టూ నడిచి, చార్టు రాసి, పాత చార్టు పక్కన పెట్టుకుని, గోడ మీద ఏది ఉంచాలి, ఏది దింపాలి అని చింతగింజలు వేస్తుంది. దింపిన ప్రతిదీ దాని చీటీ మీద రాసిన చోటికి పోవాలి.

విడి సామాను డబ్బాలో ఎప్పుడూ ఉండాల్సినవి:

• నైలాక్ నట్లు, వాషర్లు పదేసి
• రెండు యు క్లాంపులు
• సైకిల్ ట్యూబు ఒకటి, కత్తెర
• మూడు జతల పాత హవాయి చెప్పులు
• అరమీటరు జాలీ, రెండు హోస్ క్లిప్పులు
• టేపు, సుద్దముక్క, తడి గరుకు కాగితం